అంచు చూపిన దారి

మంజీర నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువనీరే మా బోధన్ ప్రాంతమునకు చెరకును ఇచ్చినది. 2015లో మూతవడిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము నా బాల్యమున రేయింబవళ్లు నడుచుచుండెను. చెరకు బండ్లు దాని ముంగిట బారులు తీరి నిలిచెడివి.

నా పదునొకండవ యేట మా నాయన అరచేయి చెరకు కత్తికి లోతుగా తెగినది. కూలి ఆగిపోయెను. నేను బడి మాని ఆయనకు బదులు పొలమునకు పోయితిని. పుస్తకముల సంచి గోడకొయ్యకు వ్రేలాడుచుండెను. ఇక నా చదువు ముగిసినదని తలంచి రాత్రులు దుప్పటిలో ఏడ్చెడివాడను.

కట్టు మార్చునపుడు గాయమును తేరిచూచెడివాడను. నడుమ ఎఱ్ఱగానే యుండెను. అంచులు మాత్రము దినదినము దగ్గఱకు వచ్చుచుండెను. “నాయనా, దీనిని లోపల ఎవరు పూడ్చుచున్నారు?” అని అడిగితిని. “లోపలి జీవమే, బిడ్డా” అనెను.

ఆ జీవపు నడకను నేను నిజామాబాదులో ప్రధానోపాధ్యాయుడనై యున్నపుడు తెలిసికొంటిని. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు చెరువునీటి బొట్టులోని అమీబాను సూక్ష్మదర్శినిలో చూపెను. దానికి కన్నులు లేవు, కాళ్లు లేవు. అంచును ఒకవైపు చాచును, ముడుచుకొనును, మఱియొకవైపు చాచును. ఏ వైపు చాచినది నిలుచునో ఆ వైపునకే దేహమంతయు ప్రవహించును.

“మన గాయములను పూడ్చు కణములును అంచును చాచియే ప్రాకును, సార్” అని ఆయన వివరించెను. ఆక్టిన్ అను మాంసకృత్తు పోగులు అంచుకడ పెరిగి పొరను ముందునకు నెట్టును. వెనుకభాగము ముడుచుకొని వెంట వచ్చును. 1970లో అబర్‌క్రాంబీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి, కోడిపిండపు గుండెనుండి తీసిన కణముల నడకను చలనచిత్రముగా తీసి పరిశీలించెను. ముందంచు ఎడతెగక సాగిపోలేదు. మాటిమాటికి ముందునకు పోయెను, వెనుకకు తగ్గెను. పోవుట తగ్గుటకంటె కొంచె మెక్కువగుటచేతనే కణము ముందునకు నడచెను. ఒక్క కదలికను చూచి కణము దిక్కును చెప్పజాలము. చాలసేపు చూచి, పోయినదానినుండి తగ్గినదానిని తీసివేయవలెను.

ఆ మాట వినగానే నాకు మా యిల్లు జ్ఞప్తికి వచ్చినది. గాయము మానిన మఱునాటి ఉదయమున నాయన గోడకొయ్యనుండి సంచి దించి, మచ్చ పడిన ఆ చేతితోనే నా భుజమునకు తగిలించెను. ఆ యేడు నేను పరీక్ష తప్పితిని. అయినను బడి విడువలేదు.

బాలలారా! మీకును వెనుకకు తగ్గు దినములు వచ్చును. ఆ యొక్క దినమును చూచి మీ దిక్కును మీరే నిర్ణయించుకొనకుడు.