పాత రేడియో, మౌత్ ఆర్గాన్, తాత అడిగిన ప్రశ్న



దండారి రాత్రి మేము వాయించిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగిన్రు: "ఆ సౌండ్ ఏంది, గిటారా?" అని. కాదు. పది రంధ్రాల మౌత్ ఆర్గానే. ఎట్ల వచ్చిందో రాస్తమని మాటిచ్చినం. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

మేము నలుగురం, హాస్టల్లో ఒకే రూమ్. మా పిచ్చి అంతా లిటిల్ వాల్టర్ దగ్గర మొదలైంది. ఆయన అమెరికా నల్లజాతి కళాకారుడు. 1952ల రికార్డయిన ఆయన 'జూక్'లో పాటే లేదు, ఒట్టి వాయిద్యం. అయినా అది అక్కడి ఆర్ అండ్ బి చార్టులో 8 వారాలు మొదటి స్థానంల ఉంది. అప్పట్ల దక్షిణాది పత్తి చేన్లు విడిచి లక్షలమంది నల్లవాళ్లు చికాగో లాంటి ఊర్లకు పోయిన్రు. మా ఇండ్లల్లో కూడా పత్తి ఏరేటోళ్లే ఉన్నరు కాబట్టి ఆ కథ మాకు దూరం అనిపించలే.

చికాగో బార్లలో డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య చిన్న మౌత్ ఆర్గాన్ ఎవరికి వినపడుతది? అందుకే మైకును, మౌత్ ఆర్గాన్‌ను కలిపి రెండు చేతుల గుప్పిట బిగబట్టి ట్యూబ్ యాంప్‌లోకి వదిలిన్రు. సందు లేకుండా మూస్తే సన్నటి పై శబ్దాలు తగ్గి, మైకు మీద ఒత్తిడి పెరుగుతది. ఆ జోరుకు యాంప్ తట్టుకోలేక సౌండ్ చీలుతది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ హద్దు దాటితే కత్తితో కోసినట్టు కోస్తది. ట్యూబ్ అయితే మెల్లగా వంచి చీలుస్తది. ఆ చీలుడే మాకు కావాలె.

కానీ ఫెండర్ బాస్‌మన్ లాంటి యాంప్, షూర్ 520 లాంటి బుల్లెట్ మైకు కొనాలంటే మా నలుగురి స్కాలర్‌షిప్‌లు కలిపినా సాలయి. అప్పుడు మాలో ఒకరికి ఊర్ల రిటైర్డ్ హెడ్‌మాస్టర్ సార్ ఇంట్ల అటక మీద ఉన్న వాల్వు రేడియో యాదికొచ్చింది. పాత వాల్వు రేడియోల వెనుక గ్రామఫోన్ తగిలించే సాకెట్ ఉంటది. దాంట్లోకి ఏ శబ్దం పంపినా లోపలున్న ఈఎల్84 వాల్వు దాన్ని పెద్దగ చేస్తది. అంటే అది కూడా ఒక చిన్న ట్యూబ్ యాంపే.

ఇక్కడ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట గట్టిగ చెప్తున్నం. అట్లాంటి రేడియో దొరికితే మీరే మూత తీయకండి. లోపల 200 వోల్టుల పైన కరెంటు ఉంటది, ప్లగ్ పీకినంక కూడా కెపాసిటర్లల్ల నిలిచి ఉంటది. కొన్ని రేడియోలకు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండది, లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటుకు తగిలి ఉంటది. దానికి మైకు తగిలించి మూతి దగ్గర పెట్టుకుంటే ప్రాణమే పోతది. మేము పాత మెకానిక్ దగ్గరికి తీస్కపోయినం. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ ఉందని చూసి, కెపాసిటర్లు మార్చి ఒక మాట అన్నడు: "వాల్వు అలిసిపోయింది. ఇంకో వాల్వు నా దగ్గర లేదు. ఎన్ని దినాలు నడిస్తే అన్ని దినాలు."

ఆ మాటతోనే ల్యాప్‌టాప్‌లోకి పట్టుకోవాలన్న తొందర పుట్టింది.

న్యూరల్ యాంప్ మోడలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పని ఇట్ల: సుమారు 3 నిమిషాల పరీక్ష శబ్దాన్ని ల్యాప్‌టాప్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా రేడియోలోకి పంపాలె. రేడియో స్పీకర్ ముందు మైకు పెట్టి బయటికొచ్చింది రికార్డ్ చేయాలె. లోపలికి పోయింది ఏంది, బయటికి వచ్చింది ఏంది, రెండూ పోల్చుకుంట కంప్యూటర్ ఆ రేడియో నడక నేర్చుకుంటది. మా ల్యాప్‌టాప్‌కు అంత శక్తి లేదు, గూగుల్ కోలాబ్‌లో ఉచితంగ నడిపించినం.

మొదటిసారి వచ్చింది సచ్చిన సౌండ్. ఎంత గట్టిగ ఊదినా చీలలే. రెండోసారి మొదటి ఊపిరికే పరపరా చీలి స్వరమే తెలియలే. రెండు రోజులు తల పట్టుకున్నంక తప్పు తెలిసింది. గుప్పిట మూసి ఊదినప్పుడు మా మైకు నుంచి ఎంత లెవెల్ వస్తదో కొలవకుండనే పరీక్ష శబ్దం పంపినం. మూడోసారి ముందు ఊది, లెవెల్ రాసుకొని, దానికి సరిపోయేటట్టు పంపినం. ఫ్యాన్ బంద్, కిటికీ బంద్, ఎవ్వరూ దగ్గొద్దు. అప్పుడు వచ్చింది! గిటార్ వాళ్ల క్యాప్చర్లు నెట్‌లో బోలెడు ఉన్నయి కానీ చానా మటుకు మనకు ఎక్కువ చీలుతయి. అందుకే మౌత్ ఆర్గాన్ వాళ్లు గెయిన్ తక్కువున్నవి వెతుక్కోండి.

అయితే అంతా పట్టుబడలే. నాబ్ ఏడు మీద ఉంటే ఆ ఏడే వస్తది, ఎనిమిది కావాలంటే మళ్లీ పట్టాలె. గట్టి స్వరానికి రేడియో కొంచెం కుంగి మళ్లీ లేస్తది చూడు, ఆ ఊపు సగమే వచ్చింది. చేతుల గుప్పిట, నాలుక, ఊపిరి అస్సలు రాలే. అవి రేడియోవి కావు కదా.

ఇగ అసలు సంగతి. ఒక అన్న మమ్మల్ని సూటిగ అడిగిండు: "మన కిక్రి వాయించేటోళ్లు ఒక్కొక్కరే పోతుంటే మీరు అమెరికా సౌండ్ ఎంబడి పడ్డరు." కోపం వచ్చింది, కానీ జవాబు లేకుండె. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని ఒక తోటి తాత ఇంటికి పోయినం. తాత కిక్రి ముందు మైకు పెట్టి ఆ రేడియో సౌండ్‌లోకి పంపినం. మూడు తీగల కిక్రి, డోలు, పేప్రె పక్కన ఎప్పుడూ మెల్లగనే వినపడేది, ఇల్లంతా నిండింది. తాత కమాను ఆపి చాలాసేపు నవ్విండు. తర్వాత అడిగిండు: "గా రేడియో పాడైనా దీంట్ల ఉంటదా?"

"ఉంటది తాతా."

"మరి నా చెయ్యి?"

పరికరాన్ని పట్టొచ్చు, చేతిని పట్టలేమని చెప్పినం. "గట్లయితే నేర్సుకునేది ఎవలు?" అన్నడు. మేము నలుగురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

అప్పటి నుంచి మాలో ఇద్దరం ప్రతి ఆదివారం పోతున్నం. ఇప్పటిదాకా కమాను పట్టుడు, తీగ సరిచేసుడు వచ్చింది, అంతే. తాత చెప్పే కథలు కూడా ఆయన ఒప్పుకున్నంత వరకే రికార్డ్ చేస్తున్నం. అవి ఆయన వంశం కథలు కాబట్టి ఎక్కడ పెట్టాలె, పెట్టొద్దు అన్నది ఆయన ఇష్టం.

రేడియో వాల్వు ఇంకా నడుస్తనే ఉంది. ఫైల్ కావాలంటే అడగండి, పంపిస్తం. మీ ఊర్లల్ల అటకల మీద పాత రేడియోలు ఉంటే తుక్కుకు అమ్మకండి, మాకు చెప్పండి. కిక్రి నేర్చుకోవాలనుకునేటోళ్లు మాత్రం ఫైల్ కోసం ఆగకండి. ఆదివారం పొద్దున మాతో రండి.

జై సేవా! జై ఆదివాసీ!