జనవరి ఒకటి

దసరా సెలవులకి ఒంగోలు వెళ్తే నాన్న నాకు ఒకటే పని చెప్పాడు. నాయనమ్మకి ఆయుష్మాన్ కార్డు చెయ్యాలి. "కంప్యూటర్ సైన్సేగా చదివేది" అన్నాడు. మా ఇంట్లో టీవీ రిమోట్ పనిచెయ్యకపోయినా ఇదే మాట.

నాయనమ్మకి గుండెలో ఒక రక్తనాళం పూడుకుంది. కొన్నాళ్లు మందులతో చూద్దాం, తర్వాత స్టెంటు వెయ్యాల్సిందే అన్నారు డాక్టరు. లక్షా ఎనభై వేలవుతుందట. ఆదాయం పరిమితి దాటిందని మాకు ఆరోగ్యశ్రీ లేదు (ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది). ప్రైవేటు పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా ఆగమంటారు. ఇక మిగిలింది 2024 అక్టోబరు 29న మొదలైన వయ వందన. 70 నిండితే చాలు, ఆదాయం అడగరు. ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు ఇస్తారు.

ఆధార్ నంబరు కొట్టాను. అర్హత లేదంది. కార్డు చూస్తే పుట్టిన తేదీ 01-01-1959.

"ఈ తేదీ ఎవరు చెప్పారు నాయనమ్మా?"

"మిరపకాయల కోతల్లో ఉంటే ఆధారు రాస్తన్నారని పిలిచారు. ఎన్నేళ్లని అడిగాడు ఆ పిల్లోడు. నాకేం తెలుసు, నువ్వే ఏసుకోయ్యా అన్నా. యాభై రెండు ఏశాడు."

అది 2011. డేటాబేస్ క్లాసులో డీఫాల్ట్ వాల్యూ అని చదివినప్పుడు నాకు నాయనమ్మ గుర్తు రాలేదు. మా వీధిలో ముసలమ్మల్ని అడిగితే ఇంకో ముగ్గురికి కూడా జనవరి ఒకటే.

నాయనమ్మ లెక్క వేరు. ఒంగోలు జిల్లా అయిన ఏడు ఆమె పెళ్లి. అంటే 1970. "అప్పుడు నాకు పదిహేనో పదహారో." దివిసీమ ఉప్పెనప్పుడు, అంటే 1977లో, నాన్న చంకలో పిల్లాడు. ఈ లెక్కన ఆమెకి 70 నిండాయి. ఆధార్ లెక్కన పెళ్లినాటికి పదకొండు.

తేదీ మార్చాలంటే కాగితం కావాలి. నాయనమ్మ బడికే వెళ్లలేదు, ఏ సర్టిఫికెట్ తేవాలి? మార్చకపోతే 2029 జనవరి 1 దాకా ఆగాలి. స్టెంటు అప్పటిదాకా ఆగుతుందా అని నేను నాన్నని అడగలేదు. గుంటూరు జీజీహెచ్‌లో చూపిద్దామని ఆయనే అన్నాడు. బంగారం తాకట్టు మాట కూడా వచ్చింది.

నేను మళ్లీ నంబరు కొట్టాను. మళ్లీ అదే.

"ఏమంటందే అది?" అంది నాయనమ్మ.

"నీకింకా వయసు రాలేదంట."

పకపకా నవ్వింది. "ఆ పిల్లోడు మంచోడే, పాపం."