ఫ్యూజు (పని నేర్పిన పాఠాలు – 9)

పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాసిన పోస్టు కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఉద్యమంలోకి రాకముందు మీరేం చదివారు?" పుస్తకాల సంగతి తర్వాత చెబుతాను. వాటికంటే ముందు వైర్లు చదివాను. మొన్న ఏప్రిల్‌లో మా తమ్ముడి కారు లోపల నీలం లైట్లు వేసేటప్పుడు ఆ చదువంతా మళ్ళీ గుర్తొచ్చింది. ఈ వారం అదే రాస్తున్నా.

తమ్ముడు ఫైనాన్స్ మీద ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. మా ఇంట్లో మొదటి నాలుగు చక్రాల బండి అదే. ట్రిప్పులకు తిప్పుకుంటున్నాడు. ఏప్రిల్ 14 ర్యాలీలో బండి లోపలంతా నీలంగా వెలగాలని వాడి కోరిక. ఆన్‌లైన్‌లో ఎల్ఈడీ స్ట్రిప్పులు తెప్పించాడు. నాలుగు పట్టీలు, ఒక చిన్న కంట్రోలర్ డబ్బా, ఒక రిమోట్. 12వ తేదీ సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి వాడి ఫ్రెండు బానెట్ ఎత్తి పెట్టుకుని ఉన్నాడు. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఒక సన్న వైరు లాగి, మెలేసి, టేపు చుట్టేస్తే పదిహేను నిమిషాల్లో అయిపోతుందన్నాడు.

"ఫ్యూజు ఏది?" అన్నాను.

"లైట్లే కదన్నా, వాటికి ఫ్యూజెందుకు?"

"రేపు నేను చేస్తాలే. బానెట్ దించు."

తమ్ముడికి ఒళ్ళు మండింది. "నీకు ప్రతిదానికీ ఒక మీటింగ్ పెట్టాల్సిందే," అని లోపలికి పోయాడు.

వాడికి తెలియని సంగతి ఒకటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను.

2009 వేసవి. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనికి కుదిరాను. అప్పుడు బాగా సన్నగా ఉండేవాణ్ణి కాబట్టి డ్యాష్‌బోర్డు కిందికి దూరే పని నాదే. వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ దగ్గర పెట్టి, కాళ్ళు డోరు బయటికి చాపి, నోట్లో చిన్న టార్చి కరుచుకుని పని చేయాలి. బండి తెచ్చినవాళ్ళకు కనబడేది నా కాళ్ళు మాత్రమే.

ఒకరోజు కొత్త కారు ఒకటి వచ్చింది. వెనక అద్దం మీద ఆ పెద్దమనిషి కులం పేరు ఇంతింత అక్షరాల్లో ఉంది. కాళ్ళ దగ్గర లైట్లు కావాలి, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ చుట్టూ లైట్లు కావాలి. పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుని, నా కాళ్ళతో మాట్లాడాడు.

"ఏ ఊరు రా మీది?"

చెప్పాను.

"ఊళ్ళోనా? పల్లెలోనా?"

మా వైపు ఈ ప్రశ్నకు అర్థం తెలియనివాళ్ళు ఉండరు. పల్లెలో అన్నాను. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత షాపు ఓనర్ని పిలిచి, "సీట్ల మీద పేపర్లు వేయించండి," అన్నాడు. పేపర్లు అప్పటికే వేసి ఉన్నాయి. వాటి మీద ఇంకో వరస వేశాం.

లైను సిగరెట్ లైటర్ సాకెట్ వెనక నుంచి తీయమన్నాడు ఓనరు. వేరే ఫ్యూజు పెడదామా అని అడిగాను. "పార్టీ వెయిటింగ్‌లో ఉంది, కానీయ్," అన్నాడు. వైరు మెలేసి టేపు చుట్టాను. లైట్లు వెలిగాయి. పెద్దమనిషి సంతోషంగా వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు ఆ కారు తిరిగొచ్చింది. లోపల కాలిన వాసన. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కరిగింది. మ్యాటు మీద నల్లటి మచ్చ. పొగ వచ్చినప్పుడు బండిలో ఆయన పిల్లలు ఉన్నారట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మాట వినగానే నాకు కాళ్ళలో వణుకు పుట్టింది. ఆయన నన్ను కొట్టినా పడదామనుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఓనరుతో, "వీళ్ళ చేత చేయిస్తే ఇట్టాగే ఉంటది," అన్నాడు. ఫ్యూజు వద్దన్న ఓనరు అవునన్నట్టు తలూపాడు. ఆ నెల జీతం పట్టుకున్నారు.

తప్పు చేసింది నేను. "వీడు" అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి. "వీళ్ళు" అన్నాడు. నా చేతి తప్పు మా నాన్నకు, మా పల్లెకు, అప్పటికి పదేళ్ళు కూడా లేని మా తమ్ముడికి అంటింది. ఓనరు చేసిన తప్పు మాత్రం ఓనరుకు కూడా అంటలేదు.

ఆ సాయంత్రం షెడ్డులో పెద్ద మేస్త్రి నన్ను టీ బంకు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన్ని మేమంతా భాయ్ అనేవాళ్ళం. సిగరెట్ పెట్టె చింపి దాని వెనక లెక్క రాసి చూపించాడు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. కారు బ్యాటరీ 12 వోల్టులు. నీ లైట్లు 12 వాట్లయితే అవి లాగే కరెంటు ఒక ఆంపియర్. మరి ఆ సాకెట్‌కు కంపెనీ పెట్టిన ఫ్యూజు ఎంత? 15. నువ్వు వేసిన సన్న వైరు ఎక్కడో ఇనప అంచుకు రాసుకుని, తోలు ఊడి, బాడీకి తగిలీ తగలనట్టు ఉంటే ఏడెనిమిది ఆంపియర్లు పారొచ్చు. 15 ఫ్యూజుకు అది లెక్కే కాదు. అది పోదు. నీ వైరు మాత్రం కాలుతుంది.

"ఫ్యూజు లైటు కోసం కాదురా. వైరు కోసం," అన్నాడు భాయ్. "ఈ ముక్క నీకు ముందే ఎవరూ చెప్పలేదు. అది మా తప్పు."

పని చేయించుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. పనిలో ఉన్న చదువు చెప్పేవాళ్ళు తక్కువ. ఆ చదువు దాచిపెట్టి, ఆనక పని రాదని మనల్నే తిడతారు.

12వ తేదీ రాత్రి అన్నాల దగ్గర తమ్ముడు మొహం ముడుచుకునే ఉన్నాడు. ఆటోనగర్ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. బదులుగా చాలీస్‌గావ్ సంగతి చెప్పాను. మీలో చాలామంది చదివే ఉంటారు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నదే.

1929లో ఆయన బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా తిరుగుతూ చాలీస్‌గావ్‌లో దిగారు. మనవాళ్ళు తమ వాడకు రమ్మని పట్టుబట్టారు. స్టేషన్ దగ్గర టాంగా వాళ్ళెవరూ ఆయన్ని ఎక్కించుకోమన్నారు. ఆయన అప్పటికే బారిస్టరు. నడిపించి తీసుకెళ్ళడం మనవాళ్ళకు నామోషీ అనిపించింది. చివరికి ఒక టాంగా దొరికింది గానీ, దాని మనిషి తోలనన్నాడు. అలవాటు లేని మనవాడే ఒకడు పగ్గాలు పట్టాడు. దారిలో వంతెన మీద చక్రం రాళ్ళ సందులో ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి బండల మీద పడ్డారు. కాలు విరిగింది. గుర్రం, బండి ఏట్లోకి పోయాయి. అసలేం జరిగిందో ఆయనకు తర్వాత గానీ తెలియలేదు. తన గౌరవం నిలబెట్టాలన్న ఆరాటంలో తన ప్రాణం సంగతి మరిచారని ఆయన మనవాళ్ళ గురించే రాశారు. అంటరానితనాన్ని ఎండగట్టిన చోటే ఆ మాట కూడా దాచకుండా రాశారు.

తమ్ముడు ప్లేటులో చెయ్యి కడుక్కున్నాడు. "పొద్దున్నే లే అయితే," అన్నాడు.

13వ తేదీ పొద్దున మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీశాం. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టెలో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే గడి ముందురోజే టెస్ట్ లైటుతో చూసిపెట్టాను. దానికి ఫ్యూజు ట్యాప్ తగిలించాను. పాత ఫ్యూజు పాత గడికే కాపలా, కొత్త లైనుకు కొత్త ఫ్యూజు. పసుపు తొడుగున్న వైర్ల జోలికి పోవద్దని తమ్ముడికి చెప్పాను. సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగులవి. అతుకులన్నీ టంకం పెట్టి స్లీవ్ తొడిగాం. ఎర్త్ వైరు బాడీ బోల్టుకు బిగించాం. పెడల్స్ దగ్గర, సీటు జరిగే పట్టాల దగ్గర వైరు వేలాడకుండా కట్లు వేశాం. పట్టీలు కాళ్ళ దగ్గర, సీట్ల కింద మాత్రమే అతికించాం. డ్యాష్‌బోర్డు పైన వేస్తే ఆ వెలుగు ముందు అద్దంలో పడి రాత్రిపూట రోడ్డు కనబడదు. రిమోట్‌ను నమ్మకుండా స్టీరింగ్ పక్కన వేరే స్విచ్ కూడా పెట్టాను.

ఫ్యూజు దగ్గర ఒక తమాషా జరిగింది. డబ్బాలో రకరకాల రంగుల ఫ్యూజులు ఉన్నాయి. తమ్ముడు ఒక నీలం ఫ్యూజు ఏరి నా చేతిలో పెట్టాడు. "ఇదెయ్యన్నా, మన రంగు."

నీలం ఫ్యూజు అంటే 15 ఆంపియర్లు. మా లైట్లన్నీ కలిపి 18 వాట్లు, అంటే ఒకటిన్నర ఆంపియర్. దానికి వేయాల్సింది 3 ఆంపియర్ల ఊదా రంగు ఫ్యూజు. నీలం వేస్తే ఆ వేసవి మళ్ళీ ఈ బండిలోకి వచ్చేది. అప్పుడు చెప్పాను వాడికి ఆటోనగర్ సంగతి. ఆ పిల్లల సంగతి, జీతం సంగతి, "వీళ్ళు" అన్న మాట సంగతి. నేను డ్యాష్‌బోర్డు కింద పడుకుని చెప్పాను కాబట్టి వాడి మొహం కనబడలేదు. కాసేపటికి ఊదా ఫ్యూజు నా అరచేతిలో పడింది.

సాయంత్రం స్విచ్ నొక్కాం. అమ్మ వెనక సీట్లో కూర్చుని కాళ్ళ దగ్గరి నీలం వెలుగులో తన పాదాలు చూసుకుంది. ముప్పై ఏళ్ళు నాట్లు వేసిన పాదాలు. "బాగుందిరా," అంది. అంతే.

14న ర్యాలీ బాగా జరిగింది. ఈ పోస్టు అక్కడితో ఆపేయొచ్చు. కానీ మే నెలలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. స్టేషన్ నుంచి ఎక్కిన ప్యాసింజర్ ఒకాయన డ్యాష్‌బోర్డు మీద బాబాసాహెబ్ బొమ్మ చూసి, కింద నీలం వెలుగు చూసి, "ముందు ఆ లైటు ఆపు," అన్నాడట. వీడు ఆపాడు. కిస్తీ కట్టాల్సిన వారం అది.

"రాత్రి డ్రైవింగ్‌లో లైటు ఆపడం మంచిదేలేరా," అన్నాను, వాడు బాధపడకుండా.

"అది రోడ్డు కోసం ఆపడం అన్నా. ఇది ఆయన కోసం ఆపడం. రెండూ ఒకటేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ స్విచ్ నా చేత్తో పెట్టిందే. ఆ ట్రిప్పు వదులుకోమని చెప్పడానికి ఆ కిస్తీ నేను కట్టడం లేదు. ఆపడం తప్పు కాదని చెబితే వాడు నమ్మడు, నేనూ నమ్మను. వాట్లను వోల్టులతో భాగించినట్టు తేలే లెక్క కాదిది. మనల్ని మనం కాల్చుకోకుండా ఎంతసేపు వెలగగలం అన్న ప్రశ్న మీలో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసుకుంటూ చదివే ప్రతి ఒక్కరికీ రోజూ ఎదురయ్యేదే. మీరు ఎప్పుడు ఆపారు, ఎప్పుడు ఆపలేదు? కామెంట్లలో రాయండి. తమ్ముడు కూడా చదువుతాడు.

లైట్లు వేసుకునే తమ్ముళ్ళు మాత్రం ఫ్యూజు మరవకండి. రంగు చూడకండి, నంబరు చూడండి.

జై భీమ్.