ఆఖరున వచ్చినవాడి సంగతి

వార్షికోత్సవ సంచికకు రాయమంటే చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తారని అనుకుంటారు. మేము మాత్రం ఒక టీవీ ఆట గురించి రాస్తున్నాం.

దాని పేరు 'ది అమేజింగ్ రేస్'. 2001 సెప్టెంబరులో అమెరికాలో సి.బి.ఎస్. ఛానల్‌లో మొదలైంది. ఇద్దరేసి జట్లుగా దేశాలు తిరుగుతూ, చీటీల్లో రాసిన పనులు చేసుకుంటూ పోవాలి. మామూలుగా ప్రతి మజిలీలో ఆఖరున వచ్చిన జట్టు ఇంటికి పోతుంది. గెలిస్తే పది లక్షల డాలర్లు. 2020లో ప్రసారమైన 32వ సీజన్‌లో ఈ పరుగు హైదరాబాదుకూ వచ్చింది. పీజీ హాస్టల్ గదిలో ఒక్క ఫోన్ చుట్టూ ఆరుగురం చేరి చూశాం. మమ్మల్ని పట్టుకున్నవి విమానాలు, కోటలు కాదు, ఆ ఆట నిబంధనలు.

మొదటిది డబ్బు. దారి ఖర్చు నిర్వాహకులే ఇస్తారు, సొంత డబ్బు వాడకూడదు. ఎంత ఆస్తి ఉన్నవాడికైనా జేబులో ఉండేది అందరితో సమానమే. పైగా దారిలో ఎక్కడో ఒకచోట తలుపు మూసి ఉంటుంది. ముందొచ్చినవాళ్లు తెల్లారేదాకా ఆగాలి, ఈలోగా వెనకవాళ్లు వచ్చి కలుస్తారు. కోటిపల్లి రేవులో పంటు కోసం కారువాళ్లూ సైకిలువాళ్లూ ఒకే ఒడ్డున నిలబడినట్టు.

రెండోది ఆఖరున వచ్చినవాడి సంగతి. కొన్ని మజిలీల్లో ఆఖరున వచ్చినా పంపరు, అలాగని ఊరికే వదలరు. 2005లో ఏడో సీజన్‌లో ఉచెన్నా, జాయిస్ అనే నల్లజాతి దంపతుల డబ్బూ సామానూ తీసేసుకున్నారు. మయామీలో టాక్సీ బాడుగ కోసం దారినపోయేవాళ్లను అడిగి, డ్రైవరుకు ఇచ్చాకే వాళ్లు గమ్యం చేరారు. గెలిచారు కూడా. అంతకుముందు మన దేశంలో ఆటలో భాగంగా జాయిస్ గుండు చేయించుకుంది. వాడపల్లిలో మనకది మొక్కు, ఆమెకది పందెం. తర్వాత ఆ డబ్బు లాక్కునే పద్ధతి మానేశారు. 2007లో 12వ సీజన్ నుంచి ఆఖరువాళ్లకు అదనపు పని పెట్టారు. ఆసియా ఆట రెండో సీజన్‌లో అయితే, తర్వాతి మజిలీలో మొదట రాకపోతే 30 నిమిషాలు ఆపేవారు.

మూడోది ఎదుటివాణ్ణి ఆపడం. 2004లో ఐదో సీజన్‌లో ఇది వచ్చింది. ఒక జట్టు మరో జట్టును ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా నిలబెట్టవచ్చు. 2009లో మొదలైన ఇజ్రాయెల్ ఆటలో, ఎవరిని వెనక్కి లాగాలో జట్లన్నీ ఓటు వేసి తేల్చే పద్ధతి పెట్టారు. అది చూసినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. చెరువు దగ్గర ఎవరు ఆగాలో, గుడి దగ్గర ఎవరు ఆగాలో నలుగురు కూర్చుని తేల్చిన రోజుల గురించి మా తాతలు చెప్పారు. ఆ గడియారంలో ఇసుక తరాల పాటు అయిపోలేదు.

మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. "మీకేంటిరా, హాస్టలు ఉచితం, సీటు ఉచితం" అని తరగతిలో అన్నవాళ్లున్నారు. వాళ్లకు మా జవాబు ఈ ఆటలోనే దొరికింది. మూసిన తలుపు దగ్గర కలుసుకున్న జట్టును ఎవరూ మోసగాళ్లు అనరు. తలుపు తెరిచాక పరిగెత్తాల్సింది ఎవరి కాళ్లతో వాళ్లే. హాస్టలు ఇచ్చింది ఆ ఒడ్డు మాత్రమే. తెల్లవారుజామున లేచి చదివింది మేమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కమాట. నడిచి వెళ్లమని రాసి ఉన్నా టాక్సీ ఎక్కి శిక్షపడ్డ జట్లు ఆ ఆటలో ఉన్నాయి. చీటీ పూర్తిగా చదవకపోవడమే కారణం. మనకు చీటీ అంటే నోటిఫికేషన్. ఆఖరు తేదీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఫీజు రసీదు అన్నీ ముందే చూసుకోండి. మార్కులుండీ ఒక్క కాగితం లేక కౌన్సెలింగ్ నుంచి వెనుదిరిగినవాళ్లను చూశాం. ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోతే సీనియర్లను అడగండి. ఉప్పలగుప్తం వస్తే మేమున్నాం, మమ్మల్ని అడగండి. అడగడం చిన్నతనం కాదు. టాక్సీ డబ్బులు అడిగినవాళ్లే ఆ పందెం గెలిచారు.