వీధిగదిలో తుపాకులు

మా ఇంటి వీధిగదిలో ఇరవై నాలుగేళ్ళు తుపాకులున్నాయని చెబితే కొత్తవాళ్ళు నన్నొకసారి ఎగాదిగా చూస్తారు. వాళ్ళ తప్పు లేదు. బక్కమనిషిని, కళ్ళజోడు ఒకటి, వీధికుక్క మొరిగితే అవతలి పక్కకు తప్పుకొనే రకాన్ని. అయినా అవి దొంగ తుపాకులు కావు లెండి. సర్కారు లైసెన్సు పుచ్చుకొని, కాశీబుగ్గలో మేం కాపరమున్న ఇంట్లోనే చేసిన వ్యాపారం అది.

మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఎన్నున్నా, కుర్రవాళ్ళు పట్టాళంలో చేరడం పాత అలవాటు. నేనూ అలాగే పోయి, తుపాకులు బాగుచేసే పని నేర్చుకొని, 1991లో పింఛను పుచ్చుకొని వచ్చాను. నాలాగే తిరిగివచ్చినవాళ్ళు కొందరు బాంకుల దగ్గర కాపలా ఉద్యోగాలకు కుదిరి, లైసెన్సు మీద పన్నెండు బోరు తుపాకీ కొనుక్కొనేవారు. దానిలో ఒక స్ప్రింగు విరిగితే చాలు, బరంపురమో విశాఖపట్నమో మోసుకుపోవాలి. ఆ పనేదో నేనే ఇంట్లో కూర్చుని చెయ్యరాదా అని బుద్ధి పుట్టింది.

పుట్టినంత సులువుగా సాగలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నది. అందులో మూడో సెక్షను తుపాకీ దగ్గర ఉంచుకొనేవాడికి. తయారుచేసేవాడికి, అమ్మేవాడికి, చివరకు బాగుచేసేవాడికి కూడా ఐదో సెక్షను. దాని కింద లైసెన్సు వేరే. నేను వందలకొద్దీ తుపాకులు విప్పి బిగించినవాణ్ణని ఒక గుమాస్తాగారికి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన తలైనా ఎత్తకుండా, "విప్పడం తెలిస్తే చాలదండీ, తాళం వెయ్యడం తెలియాలి" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ మాట విలువ తర్వాత తెలిసింది.

1992లో దఖాస్తు పెట్టాను. కొన్నాళ్ళకు విచారణకు పోలీసు అధికారి ఒకాయన ఇంటికి వచ్చారు. తుపాకుల గురించి ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు! అన్నీ ఇంటి గురించే. కిటికీకి ఊచలు ఎంత లావు, తలుపు ఏ కర్ర, తాళం చెవి రాత్రివేళ ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లలెందరు. చివరకు గోడ మీద చేత్తో తట్టి, "దీని అవతల ఏముంది?" అన్నారు.

"వంటిల్లండి."

ఆయన గోడవంక చూశారు, నావంక చూశారు. ఇవతల తూటాలు, అవతల పొయ్యి! గుమ్మంలో గరిటతో నిలబడిన మా ఆవిడ, "పొయ్యి జరపాలా, తూటాలు జరపాలా?" అని అడిగింది. పొయ్యే జరిగింది. వానాకాలంలో తడుస్తూ పెరట్లో రేకుల కింద వంట చేసిన సంగతి ఆవిడ ఈనాటికీ మరచిపోలేదు, నన్ను మరవనివ్వలేదు.

అక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పని లేకపోను. "మీ కుటుంబంలో ఎవరి మీదనైనా కేసులున్నాయా?" అన్నారాయన. దాచితే దాగే సంగతి కాదు. మా అమ్మ తమ్ముడు, నా చిన్నమేనమామ, 1969లో కొండలకు పోయినవాడు. ఆ రోజుల్లో జిల్లాలో సాగిన గిరిజన రైతాంగ పోరాటం కొండల్లో మొదలై మా ఉద్దానం దాకా పాకింది. భూస్వాముల ఇళ్ళల్లోని తుపాకులు పట్టుకుపోయేవారు. అలాంటి తుపాకీ ఒకటి మామయ్య ఒక రాత్రి మా ఊరింట్లో అటక మీద దాచాడు. మర్నాడు చీకటిపడగానే గోనెలో చుట్టి, మందస వైపు నడిచిపోయాడు. మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ రోజున తద్దినం పెట్టాలో కూడా మాకు తెలియదు.

ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన నాలుగు వాక్యాలు రాసుకొని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

ఇరుగుపొరుగుల చేత తమకు అభ్యంతరం లేదని నేను ముందే సంతకాలు చేయించి ఉంచాను. అమ్మ సంతకం మాత్రం ఏ కాయితమూ అడగలేదు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

"సర్కారడిగితే అన్నీ సెప్పావు. నన్నేటడిగావురా?" అంది. "ఒక్క రాత్రుంది మనింట్లో తుపాకి. మనిసిని తీసుకుపోనాది."

నా దగ్గర జవాబు లేదు. ఏడు నెలలు ఆ దఖాస్తు ఊసెత్తలేదు. తర్వాత ఒక సాయంత్రం, బాంకు కాపలాకు కొత్తగా చేరిన మా దగ్గరి బంధువుల కుర్రవాడు తుపాకీ పట్టుకొని పరుగున వచ్చాడు. లోపల తూటా ఇరుక్కుపోయింది, గొట్టం తెరుచుకోవడం లేదు. వాడు భయంతో గొట్టం ఎటు తిప్పుతున్నాడో వాడికే తెలియడం లేదు. ఒకసారి అది అమ్మవైపే తిరిగింది. నేను మెల్లిగా వాడి చేతిలోంచి తీసుకొని, గోడవైపు తిప్పి, తెరిచి, తూటా ఊడదీశాను. అమ్మ ఆ తూటా అరచేతిలో వేసుకొని చాలాసేపు చూసింది.

"కొట్టెట్టుకో. గానీ ఎన్నున్నాయో రోజూ రాత్రి నాకు లెక్క సెప్పాల" అంది.

1994లో లైసెన్సు చేతికి వచ్చింది. షరతుల ప్రకారం ఇంగ్లీషులోను, తెలుగులోను పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాను. ఇక రిజిస్టర్లు! వచ్చిన తుపాకీ ఒక పుస్తకంలో, పోయింది మరొక పుస్తకంలో, దాని నంబరు కొన్నవాడి లైసెన్సు మీద. కిర్కీ ఫాక్టరీ నుంచి వచ్చిన తూటాలకూ అంతే, ఒక్కొక్కటీ లెక్క. పన్నెండు బోరు అంటే ఏమిటని చాలామంది అడిగేవారు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండు పౌనులో పన్నెండోవంతు తూగుతుందన్నమాట, అంతే.

జీడిపళ్ళ కాలంలో రైతులు వచ్చేవారు, తోటల్లో ఎలుగులు తిరుగుతున్నాయి, తుపాకీ ఇప్పించమని. లైసెన్సు లేనిదే ఇవ్వరాదు, లైసెన్సున్నా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఎలుగును కాల్చరాదు అని చెప్పేవాణ్ణి. "మరెందుకు బావూ ఈ కొట్టు?" అనేవారు. వాళ్ళ భయం వట్టిది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగు చేతిలో ప్రాణమే పోయింది. మత్తిచ్చి పట్టిన ఆ ఎలుగూ బతకలేదు.

నిజానికి అమ్మకం కంటే మరమ్మతుకే బేరం. ఎన్నికలొస్తే ఇంకోరకం సందడి. లైసెన్సుదారులు తుపాకులు పోలీసు స్టేషనులోనో, అనుమతి ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలి. వీధిగది నిండిపోయేది. అమ్మ ఏనాడూ ఆ గదిలో అడుగు పెట్టలేదు, పక్క సందులోంచే రాకపోకలు. రాత్రి మాత్రం మంచం మీంచి కేకేసేది: "ఎన్నొచ్చాయి? ఎన్నెల్లాయి?"

2004 ఎన్నికలప్పుడు ఒక రాత్రి "పంతొమ్మిది" అన్నాను. "ఇరవై" అంది. అక్షరం ముక్క రాని మనిషి, సందులోంచి వచ్చేవాళ్ళను చూసి లెక్కపెట్టుకొనేది. విసుక్కుంటూ లేచి వెళ్ళాను. నూనె పెట్టడానికి తీసిన డబుల్ బారెల్ తుపాకీ ఒకటి బల్ల మీదనే, తాళం లేకుండా పడి ఉన్నది. మా మనవడు ఆ గది పక్కనే నిద్రపోతున్నాడు. ఇనుప బీరువాకు తాళం వేసి వచ్చేసరికి నా చేతులు వణుకుతున్నాయి.

"ఇరవై, అమ్మా" అన్నాను.

"పడుకో" అంది.

అమ్మ 2011లో పోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస ప్రాంతం మీద విరుచుకుపడింది. పెరటి కొబ్బరిచెట్టు వంటింటి రేకుల మీద కూలింది, వీధిగది గోడ బీటవేసింది. ఆ గోడతో ఇక వ్యాపారం తగదని ఆ ఏడే లైసెన్సు వదులుకున్నాను. ఆ రాత్రి మాత్రం బీరువాకు వీపు ఆనించి, టార్చి లైటుతో కూర్చున్నాను. గాలి కాస్త తగ్గాక తాళం తీసి లెక్కపెట్టి, అలవాటు కొద్దీ పైకి అనేశాను, "పద్నాలుగు" అని.

చీకట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "సరిపోయాయా?"