నొప్పికి మాటలు

2019లో నేను యోకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముని యింటికి వెళ్ళాను. ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లవారేసరికి అది కుడి ప్రక్కకు దిగి అక్కడే నిలిచిపోయింది. తమ్ముడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు. చంటిబిడ్డతో ఉన్న మరదలు నన్ను టాక్సీ ఎక్కించి, "బావగారూ, 'ఒనాకా గా ఇతై దెస్' అనండి. కడుపు నొప్పిగా ఉందని అర్థం" అని చెప్పి పంపింది.

నేను ఆలాగే అన్నాను. డాక్టరుగారు, "కిరికిరి?" అని అడిగారు. మన కిరికిరే అనుకొని "హై" అన్నాను. "జుకిజుకి?" "హై." "చికుచికు?" "హై." పెద్దమనిషి అడుగుతుంటే కాదనడం మర్యాద కాదనుకున్నాను. ఆయన కలం ప్రక్కన పెట్టేశారు.

ఇంతలో తమ్ముడు ఫోనులో దొరికాడు. "అన్నయ్యా, అన్నిటికీ అవుననకు! కిరికిరి అంటే మెలిపెట్టి గుచ్చినట్టు, జుకిజుకి అంటే పుండు సలిపినట్టు, చికుచికు అంటే సూదులతో పొడిచినట్టు. ఇంతకూ నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది?" నేను చెప్పినది వాడు ఆయనకు చెప్పాడు. వెంటనే స్కానింగుకు పంపారు. అపెండిక్సు వాచింది. ఆ రోజే ఆపరేషను చేశారు.

మంచం మీద ఉన్న రోజుల్లో మరదలు నాకు పాఠం చెప్పింది. "కోకో గా ఇతై దెస్" అంటే ఇక్కడ నొప్పిగా ఉంది. "కోకో" తీసి "అతామా" అంటే తల, "నోదో" అంటే గొంతు, "హా" అంటే పన్ను. "నెత్సు గా అరిమాస్" అంటే జ్వరం ఉంది. "మెమాయ్ గా షిమాస్" అంటే కళ్ళు తిరుగుతున్నాయి. "ఇత్సు కరా?" అంటే ఎప్పటినుండి? "కినో కరా" అంటే నిన్నటినుండి. మాటల వరుస మన తెలుగువలెనే ఉంటుంది గనుక త్వరగా పట్టుబడింది. అంబులెన్సుకు అక్కడ 119.

ఇంటికి వచ్చాక ఒక సంగతి నన్ను కలవరపరిచింది. ఇరవై ఏళ్ళుగా నేను రోగులను చూడబోతున్నాను. "ఎలా ఉన్నారమ్మా?" అంటాను. "ఫరవాలేదయ్యగారూ" అంటారు. అది కూడా నా "హై" వంటిదే. ఇప్పుడు ఎక్కడ, ఎప్పటినుండి, ఎలాంటి నొప్పి అని అడుగుతున్నాను. మొన్న ఒక పెద్దమ్మగారు మొదట ఫరవాలేదనే అన్నారు. మళ్ళీ అడిగితే రొమ్ము మీద చెయ్యి వేసుకొని, "మెట్లెక్కితే బరువుగా ఉంటోందయ్యా, ఎడమ చెయ్యి లాగుతోంది" అన్నారు. కొడుకుకు చెప్పి ఆ పూటే ఆసుపత్రికి పంపించాము.

మీ యింటి పెద్దలు "ఫరవాలేదు" అంటే, దయచేసి ఇంకొక్కసారి అడగండి.