నోరూరే భాగ్యం

పాల్వంచలోని ఆ ఇంట్లో రోజూ అన్నం దగ్గర ఒకటే గొడవ. 'పప్పుల ఉప్పేదీ?' అంటాడు పెద్దాయన. 'నేనూ అదే తిన్నగదయ్యా, సరిపోయిందాయె' అంటుంది ఆమె. మర్నాడు ఇంకో చిటికెడు ఎక్కువ వేస్తుంది. అయినా ఆయనకు రుచి తెలియదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపి లేచిపోతాడు. 'ఇన్నేండ్లు లేని వంక ఇప్పుడొచ్చింది' అనుకుంటూ ఆమె వంటింట్లో కొంగుతో కళ్లొత్తుకుంటుంది.

ఆయన కేటీపీఎస్‌లో నీటి శుద్ధి విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. 2024 ఆగస్టు 5న పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి పడగొట్టినప్పుడు దూరం నుంచి చూసి వచ్చాడు. 'నా పండ్లు ఒక్కొక్కటే పోయినయ్, ఇవన్నీ ఒక్కసారే పోయినయ్' అని నవ్వాడు. అప్పటికే ఆయన నోట్లో ఉన్నవి కట్టుడు పళ్లు. కొత్తలో జొన్నరొట్టె కూడా తిన్నాడు. ఆ తర్వాతే పైసెట్టు జారడం మొదలైంది. ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని తింటుంటే సెట్టు జారి విస్తట్లో పడింది. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన ఏ విందుకూ వెళ్లలేదు. పెద్దమ్మ గుడి దగ్గర చుట్టాల వంటలున్నాయన్నా కదల్లేదు. మనిషి చిక్కిపోయాడు. 'వయసైపోయింది, ఇంక తిండి మీద యావ దేనికి' అనేవాడు.

దసరాకు వచ్చిన కూతురు వేరే సంగతి కనిపెట్టింది. నాన్న రాత్రి నాలుగుసార్లు లేచి నీళ్లు తాగుతున్నాడు. మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అంటుకుంటోంది. మర్నాడే కొత్తగూడెంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ సెట్టు తీసి చూసింది. అంగిలి ఎర్రగా కమిలి ఉంది. సెట్టు ఎంతమేర ఉందో ఎరుపూ అంతే! 'రాత్రిళ్లు తీసి పడుకుంటారా?' అని అడిగింది. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. 'తీస్తే ఇంటామె ముందు బోసినోరు కనపడుతది గదమ్మా' అన్నాడు మెల్లిగా.

తర్వాత ఆమె మందుల చీటీ చూసింది. బీపీకీ, షుగరుకూ మాత్రలున్నాయి. కాళ్ల మంటలకు రాత్రిపూట వేసుకునే నరాల మాత్ర ఒకటి ఉంది. నోరు ఎండగొట్టేది ముఖ్యంగా అదేనంది. పెద్దవయసులో నోరెండితే వయసునే తిట్టుకుంటాం గానీ, చాలామందిలో అసలు కారణం మందులే.

ఉమ్మి అంటే మనకు ఎంగిలి, ఏవగింపు. కానీ నోటికి కాపలా అదే. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీళ్లే. మిగిలిన ఆ కాస్తలోనే ఉంది మహిమంతా. మ్యూసిన్ అనే ప్రొటీన్ నోటికి జారుడునిస్తుంది. పచ్చి తునికికాయ కొరికితే నోరు పట్టేస్తుందే, అది లాలాజలంలోని ప్రొటీన్లను కాయలోని వగరు పట్టేసుకోవడం వల్లే. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో లోకానికి చెప్పిన లైసోజైమ్ బ్యాక్టీరియా గోడలను కరిగిస్తుంది. హిస్టాటిన్లు కాండిడా అనే బూజును చంపుతాయి. ఊట తగ్గితే ఈ కాపలా పలచబడుతుంది. పైగా షుగరు ఉండి, రాత్రీపగలూ సెట్టు నోట్లోనే ఉంటే బూజుకు పండగే. పెద్దాయన అంగిటి మీది ఎరుపు అదే. పైసెట్టు నిలవడానికీ దానికీ అంగిటికీ మధ్య పలచని లాలాజలపు పొర ఉండాలి. ఉప్పయినా పులుపైనా అందులో కరిగితేనే నాలుకకు తెలుస్తుంది. ఆయన సెట్టు జారినా, పప్పు చప్పబడినా మూలం ఆ ఎండిన నోరే.

'ఉమ్మిలో కాల్షియం, ఫాస్ఫేట్ బాగా కరిగి ఉంటాయి. అవి ఎక్కడపడితే అక్కడ గట్టిపడకుండా స్టాథెరిన్ అనే ప్రొటీన్ ఆపుతుంది' అని డాక్టరమ్మ చెబుతుంటే పెద్దాయన కళ్లు మెరిశాయి. 'అంటే మేం గొట్టాలల్ల పొలుసు కట్టకుండ నీళ్లల్ల మందు కలిపినట్టేనా?' అన్నాడు. ఆమె నవ్వి 'అంతే! మీ పళ్లు పోయాయి గానీ ప్లాంటు మూతపడలేదు' అంది.

అంగిటికి మందు రాసిచ్చింది. వదులైన సెట్టు లోపలివైపు సరిచేసింది. రోజూ మెత్తని బ్రష్షుతో, సబ్బునీళ్లతో కడగాలనీ, వేడినీళ్లు పోస్తే వంకర పోతుందనీ చెప్పింది. రాత్రి తీసి మంచినీళ్ల గిన్నెలో వేయాలంది. నమిలితేనే ఊట పెరుగుతుంది కాబట్టి ఎప్పుడూ మెత్తని జావలే తాగొద్దంది. 'మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. రాసిన డాక్టరునే అడగండి' అని గట్టిగా చెప్పింది. ఆ డాక్టరు నరాల మాత్ర మార్చాడు.

ఆ రాత్రి పెద్దాయన గోడవైపు తిరిగి సెట్టు తీశాడు. దుప్పటి ముఖం మీదికి లాక్కోబోతుంటే ఆమె ఆపింది. 'పెండ్లయిన కొత్తల సిగ్గు నాకుండె, ఇప్పుడు నీకొచ్చిందా?' అంటూ గిన్నెలో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం ఆయన పప్పన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఆమె గుండె గుబుక్కుమంది.

'ఏందే, ఇంత ఉప్పేసినవ్?'

ఆయన కోసమని రోజుకింత పెంచుకుంటూ పోయిన ఉప్పు అది. చిన్నబుచ్చుకోవాల్సిన మాటకు ఆమె పకపకా నవ్వింది.